కేంద్రప్రమాణము - రాష్ట్రనిబంధన
(పాఠశాల వార్షికోత్సవ సభయందలి ప్రసంగపాఠము)



పర్యావరణ విషయమున రాష్ట్రములు కేంద్రప్రమాణమును మించిన నిబంధనలు చేయరాదనియు, చేసినచో పరిశ్రమలు పొరుగు రాష్ట్రములకు తరలిపోవుననియు కొందరు వాదించుచున్నారు. ఈ వాదమును మేము తేలికగా కొట్టివేయము. పనిలేని ఊరిలో బిడ్డల చదువెట్లు సాగునో హళ్ళిఖేడు వారికి వేరుగ చెప్పనేల? అయినను ఒక్క లెక్క చూడుడు.

కార్ఖానా మురుగును శుద్ధిచేసి ఏటిలోనికి వదలునపుడు, అందలి మలినము లీటరునకు 30 మిల్లీగ్రాములకు మించి ఆమ్లజనిని హరింపరాదన్నది కేంద్రము విధించిన సాధారణ ప్రమాణము. నిండుగ పారు గోదావరిలో ఆ నీరు కలిసిపోవును. వేసవిలో ఎండిన మన వాగులోనో, పారునది ఆ నీరొక్కటే! పశువులు త్రాగునదియు అదియే.

కనుకనే 1986 నాటి పర్యావరణ పరిరక్షణ నియమములలో మూడవది, ఆ నీటిని గ్రహించు ఏరు చెరువుల స్థితినిబట్టి, కారణములను వ్రాసియుంచి, రాష్ట్రమండలి మరింత కఠినప్రమాణము విధింపవచ్చుననుచున్నది. కేంద్రప్రమాణమునకు క్రిందికి దిగరాదు, పైకి పోవచ్చును. దిగరాదనుట ఎంతో మేలు. మంజీర మహారాష్ట్రమున పుట్టి, మన బీదరు జిల్లామీదుగ తెలంగాణమునకు పోవును. పైవారు సడలించిన, క్రిందివారు త్రాగవలసివచ్చును.

1956 వరకు మనకు రాజధానియైన హైదరాబాదు సంగతి వినుడు. ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరుల చుట్టును పది కిలోమీటర్లలో కాలుష్యకారక పరిశ్రమలు కూడదని ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 1996 మార్చి 8న 111వ ఉత్తర్వు జారీచేసెను. కేంద్రప్రమాణము గొట్టమునుండి వచ్చు నీటిని కొలుచును. ఈ ఉత్తర్వు ఆ గొట్టమునే రానీయలేదు. మరుసటి ఏడే ఆ ప్రభుత్వమే ఒక నూనె పరిశ్రమకు మినహాయింపు నిచ్చెను! 2000 డిసెంబరు 1న సుప్రీముకోర్టు దానిని రద్దుచేసెను.

2022 ఏప్రిలులో తెలంగాణ ప్రభుత్వము 69వ ఉత్తర్వుతో ఆ ఆంక్షలను తొలగించినది. నగరమునకిప్పుడా చెరువులు ప్రధానాధారము కావన్నది చూపిన కారణము. నీటి నాణ్యత చెడరాదన్న షరతు మాత్రము పెట్టిరి. నాడు ఆ ఆంక్ష విధించినది, నేడు తీసినది, రెండును రాష్ట్రప్రభుత్వములే. కావున ఢిల్లీ చేతులు కట్టివేయుచున్నదని మాత్రమే అనుకొనక, మన రాష్ట్రమండలి మన వాగులకై ఏ ప్రమాణము విధించినదో, ఏ కారణములు వ్రాసినదో మనము అడిగి తెలిసికొనవలెను.