గాలివానకు ముందటి లెక్క
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



గాలివాన యనగానే మెట్టసీమవారికి సముద్రతీరము జ్ఞప్తికి వచ్చును. ఎ.కొండూరునకును సముద్రమునకును నడుమ ఇంచుమించు నూరు కిలోమీటర్ల దూరము కలదు. నూజివీటి మామిడితోటలు, గుడివాడ మాగాణులు, బందరు ఉప్పునేలలు దాటినగాని కెరటము కనబడదు. కావుననే “కొండల నడుమ నున్నవారికి తుపాను భయమేమి?” యను మాట ఈ ప్రాంతమున తరతరములుగా వినబడుచున్నది. ఆ మాటలో సగము నిజము కలదు. ఉప్పెన కొండూరునకు రాదు. కాని గాలి వచ్చును, వాన వచ్చును, వాగు వచ్చును. ఆ మూడింటి వెనుక చీకటి వచ్చును. నేటి ప్రసంగము ఆ చీకటిని గూర్చియే.

ముందుగా తీరపు కథను కొంచెము చెప్పికొనవలసియున్నది. 1864వ సంవత్సరము నవంబరు 1వ తేదీ రాత్రి సముద్రము బందరు పట్టణముమీదికి వచ్చినది. ముప్పదివేలమంది మరణించిరని నాటి లెక్క. నూటపదమూడేండ్ల తరువాత, 1977 నవంబరు 19, శనివారమునాడు, అదే కృష్ణాజిల్లాలో దివిసీమపై ఉప్పెన విరుచుకుపడెను. తాటిచెట్టు సగమెత్తు నీటిగోడ పల్లెలకు పల్లెలను ఊడ్చివేసెను. సొర్లగొంది, పాలకాయతిప్ప మున్నగు తీరగ్రామముల పేళ్ళు ఆనాడు దేశమంతట మారుమ్రోగినవి. పదివేలమందికి తక్కువ కాకుండ పోయిరి. ఈ మెట్టప్రాంతమునుండి తీరమునకు ఆడపిల్లల నిచ్చిన కుటుంబములు లేకపోలేదు. ఆ దినముల ముచ్చట వచ్చినపుడు వృద్ధులు నేటికిని మాట నడుమ ఆగిపోవుదురు.

తరువాతి సంగతి అంతగా ఎవరును చెప్పికొనరు. పదమూడేండ్లు గడచెను. 1990 మే 9వ తేదీన, కృష్ణానది సాగరమున కలియు చోటనే, 1977 నాటిదానికి ఏమాత్రము తీసిపోని తుపాను మరల తీరము దాటెను. ఈసారి చనిపోయినవారు వేయిమందికి లోపు. ఒక్క ప్రాణమైనను పోవుట దుఃఖమే. కాని పదివేలకును వేయికిని నడుమనున్న తేడా ఏ దేవుని దయవలన వచ్చినది? గాలి నెమ్మదించలేదు, సముద్రము వెనుకకు జరుగలేదు. నడుమ పదమూడేండ్లలో తుపాను రక్షణ భవనములు లేచినవి, సరుగుడు తోటలు నాటబడినవి, ఆకాశమున తిరుగు ఉపగ్రహమునుండి హెచ్చరిక నేరుగా తీరగ్రామములకు చేరు ఏర్పాటు జరిగినది, గాలి రాకముందే లక్షలాది జనము లోపలికి తరలింపబడిరి. 1977లో చాల పల్లెలకు వార్తయే సరిగా అందలేదు. అందినచోట వెళ్ళి తలదాచుకొనుటకు గట్టి కట్టడము లేకపోయెను. 1990లో వార్తయు అందెను, పోవలసిన చోటును తెలిసియుండెను.

ప్రాణము దక్కిన తరువాత మరియొక పరీక్ష మొదలగును. 2014 అక్టోబరు 12, ఆదివారము, విశాఖపట్టణము మీదుగా హుద్‌హుద్ తుపాను తీరము దాటెను. (ఈ పేరు ఒమాను దేశమువారు పెట్టినది; అది తలపై కిరీటము వంటి కుచ్చుగల యొక పిట్ట పేరు. ఇంత చిన్న పిట్ట అంతటి నగరమును చీకటిలో ముంచుట విడ్డూరమే.) ప్రజలను ముందుగానే తరలించుటచే ప్రాణనష్టము పదులలోనే ఆగినది. కాని వేలాది విద్యుత్ స్తంభములు నేలకొరిగినవి. విమానాశ్రయపు పైకప్పు లేచిపోయెను. దినముల తరబడి దీపము లేదు, మోటారు లేదు, సెల్‌ఫోను లేదు. మేడలలో అయిదవ అంతస్తున నున్నవారు బిందెలతో నీళ్ళు మోసికొనిరి. పెట్రోలు బంకుల యొద్ద బారులు తీరిరి. పాలధర చెప్పనలవి గాలేదు. జేబులో బ్యాంకు కార్డున్నవాడు పచ్చనోటున్నవాని యెదుట చేయి చాచవలసివచ్చెను. ఇరుగుపొరుగు రాష్ట్రములనుండి విద్యుత్ సిబ్బంది వచ్చి రాత్రింబవళ్ళు శ్రమించి తీగెలు కట్టిరి. మహానగరమునకే ఇంత కాలము పట్టినపుడు, తీగె చివర నున్న పల్లె సంగతి ఊహింపదగినదే.

ఇంకను సమీపమునకు వచ్చినచో, 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల వాన ఇచ్చటివారికెవ్వరికిని మరపు రానిది. మైలవరము ప్రాంతపు కొండలలో పుట్టి, వేసవిలో పసివాడు కూడ దాటగల బుడమేరు, కట్టలు తెంచుకొని విజయవాడ సింగునగరు, రాజరాజేశ్వరిపేట ప్రాంతములను ముంచివేసెను. సెప్టెంబరు 2న ప్రకాశం బారేజి వద్ద 11 లక్షల 43 వేల క్యూసెక్కుల నీరు పోయెను. 1957లో ఆ బారేజి కట్టినది మొదలు అంతటి ప్రవాహము లేదు. మేడలపై చిక్కుకొన్నవారికి పడవలతోను, హెలికాప్టరులతోను, డ్రోనులతోను అన్నపు పొట్లములు అందజేసిరి. పొట్లము మేడకు చేరును. ఏ గదిలో లేవలేని ముసలమ్మ యున్నదో, ఏ ఇంట నిండుచూలాలున్నదో డ్రోనునకు తెలియదు. దీపములు లేని వీధిలో పడవవానికిని తెలియదు. ఆ కొండల వాననీరే అక్కడ అంత పని చేసినది. విజయవాడవారికి వరద పంపిన సీమవారు తమకు ముప్పు లేదనుకొనుట న్యాయము కాదు.

ఇక ఈ ఊరి సంగతి.

కరెంటు ఊరికి ఎట్లు వచ్చునో తెలిసినవాడు, పోయినపుడు అది ఎట్లు తిరిగి వచ్చునో కూడ గ్రహింపగలడు. పెద్దలైను మొదట బాగుపడవలెను, పిదప సబ్‌స్టేషను, పిదప ఫీడరు, ఆ తరువాత ఊరి ట్రాన్స్‌ఫార్మరు, అన్నిటికంటె చివర తండా. ఇందు ఎవరి పక్షపాతమును లేదు. చెట్టు మొదలు నిలబెట్టక కొమ్మకు నీరు పట్టుట సాధ్యముకాదు. పైగా గాలి వీచునపుడు తెగిన తీగెవలన ప్రాణములు పోకుండుటకై సిబ్బందియే కరెంటును ఆపుదురు. లైన్‌మన్‌ను తిట్టుటవలన దీపము ముందుగా వెలుగదు. అతడు స్తంభమెక్కి యున్నపుడు ఇంట జనరేటరును ఇష్టము వచ్చినట్లు ఊరి తీగెకు కలిపినవాడు మాత్రము అతని ప్రాణమునకు హంతకుడు కాగలడు. ఈ మాట కటువుగా తోచినను చెప్పక తప్పదు.

కరెంటుతోపాటు నీరు పోవును. ఇది తక్కిన ఊళ్ళకంటె ఎ.కొండూరు మండలమునకు పెద్ద సమస్య. మండలములోని తండాలను మూత్రపిండవ్యాధి ఎట్లు పీడించుచున్నదో పత్రికలు చదువు ప్రతివారికిని తెలియును. కారణము విషయమున శాస్త్రజ్ఞుల చర్చ ఇంకను తెగలేదు గాని, భూగర్భజలముపై అనుమానము బలముగా నున్నది. కృష్ణానీటిని గొట్టములద్వారా తెచ్చు ప్రయత్నము ఇందుకొరకే పుట్టినది. వేరొక ఊరిలో మోటారు ఆగినచో జనము చేతిపంపునకు పోవుదురు. ఇచ్చట చేతిపంపు నీరు గిన్నెలు తోముటకు పనికివచ్చును, త్రాగుటకు జంకవలెను. కావున హెచ్చరిక వినిన నాడే, కరెంటున్నపుడే, ఎత్తైన ట్యాంకును నిండ నింపి వాల్వు కట్టవలెను. ప్రతి ఇంట కడిగిన బిందెలలో, మూతగల డబ్బాలలో త్రాగునీరు మూడు దినములకు పట్టి ఉంచవలెను.

రక్తశుద్ధికి పోవువారి సంగతి ఇంకను దారుణము. వారు వారమునకు రెండు మూడు మారులు యంత్రముమీద నాలుగేసి గంటలు పండుకొనవలెను. ఒక్కొక్క మారునకు నూరు లీటర్లకు పైగా శుద్ధజలము ఖర్చగును. కరెంటు లేనిచో యంత్రము లేదు. నీరు లేనిచో యంత్రము లేదు. చప్టా మీద వాగు పొర్లినచో యంత్రమున్నను మనిషి చేరడు. గాలివాన మూడు దినములు నిలిచినచో అట్టివానికి ఉప్పెన ఇంటిలోనికే వచ్చినట్లు. మంగళవారము పోవలసినవానిని, వాన రాకముందే సోమవారము పంపివేయుట ఒక్కటే ఉపాయము. అందుకు వాని పేరును, వాని వారమును ముందుగా ఎవరికో ఒకరికి తెలిసియుండవలెను.

ఇచ్చటనే అసలు చిక్కున్నది. ఈ దేశమున భూమికున్నంత లెక్క మరిదేనికిని లేదు. ప్రతి సెంటునకును నంబరున్నది, ప్రతి పంటకును అడంగలున్నది. తుపాను వెలిసిన మరునాడు పడిన గుడిసెలెన్ని, చచ్చిన గొడ్లెన్ని, రాలిన మామిడి యెంత, మునిగిన ప్రత్తి యెంత అని జాబితాలు తయారగును. ఆ జాబితాకెక్కుటకు కొందరు పడని గోడను కూడ పడగొట్టుకొందురు. తుపానుకు ముందటి జాబితా మాత్రము ఏ ఊరిలోను కనబడదు. ఎవరు లేవలేనివారు? ఎవరి గోడ మట్టిగోడ? ఎవరి ఇంట రంపమున్నది? ఈ లెక్క ఎవరును వ్రాయలేదు.

ఇది క్రొత్తగా కల్పించిన ఆలోచన కాదు. మహాభారత సభాపర్వమున నారదుడు ధర్మరాజు కొలువునకు వచ్చి కుశలప్రశ్నలు వేసెను. యుద్ధము లేదని పాఠకులు సామాన్యముగా దాటిపోవు ఘట్టమది. దుర్గములలో ధాన్యమును, నీరును, యంత్రములును, పనివాండ్రును సమకూడి యున్నారా అని అడిగెను. రాజ్యమున అచ్చటచ్చట నిండుచెరువులున్నవా, సేద్యము వానమీదనే ఆధారపడియున్నదా అని అడిగెను. తుదకు, గ్రుడ్డివారిని, మూగవారిని, కుంటివారిని, బంధువులు లేనివారిని తండ్రివలె కాచుచున్నావా అని అడిగెను. కాచుటకు ముందు వారెందరో, ఎక్కడ నున్నారో ధర్మరాజునకు తెలియవలెను గదా! కౌటిల్యుడు మరింత లౌక్యుడు. ఏటిగట్టు గ్రామములవారు వానకాలపు రాత్రులలో గట్టు విడిచి మెరకకు పోవలెననియు, పలకలు, వెదుళ్ళు, పడవలు ముందే సమకూర్చుకొనవలెననియు అర్థశాస్త్రమున విధించెను. కొట్టుకొనిపోవువానిని సొరకాయ బుర్రతోనో, తోలుతిత్తితోనో, దుంగతోనో కాపాడుటకు పోనివానికి పండ్రెండు పణముల జుల్మానా. తేలు సాధనము లేనివానికి మాత్రము మినహాయింపు! దండన విధించుచు మినహాయింపును మరువని ఆ లెక్కరి బుద్ధి మెచ్చదగినది.

ఆ లెక్క గ్రంథాలయమున ఉండదగును. పంచాయతీ, రెవెన్యూ కార్యాలయములలో జాబితాలు లేవని కాదు. అవి కంప్యూటరులలో నున్నవి. కరెంటు పోయినపుడు ఆ జాబితా తెరచుకొనదు. కాగితపు పుస్తకము లాంతరు వెలుగున కూడ చదువవచ్చును. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము స్థాపితమైన నాటినుండి గ్రంథాలయము అన్ని వీధులవారును అడుగుపెట్టదగిన చోటుగా పేరుపొందినది. ఏ పార్టీవారి ఇంటి అరుగుమీదికో పోవుటకు సంకోచించువాడు కూడ ఇచ్చటికి పేపరు చదువుటకు వచ్చును. ఇరువదియైదేండ్లుగా పుస్తకము ఎవరు కొనిపోయిరి, ఎప్పుడు తెచ్చిరి అని వ్రాసిపెట్టిన చోట, మరియొక పుస్తకము బరువు కాదు.

అందు వ్రాయవలసినవి తక్కువ. లేవలేనివారు, నెలలు నిండినవారు, రక్తశుద్ధికి పోవువారు, ఇన్సులిన్ వాడువారు. వీరి పేళ్ళు బీరువాలో తాళములో నుండవలెను; వ్యాధి ఊరందరి నోళ్ళలో పడరాదు. పిదప పనిముట్లు: చెట్టు కోయు రంపము, మోకులు, ట్రాక్టరు, డీజిల్ ఇంజను. షామియానాలు అద్దెకిచ్చువారి యొద్ద పెండ్లిళ్ళకు వాడు జనరేటరుండును. పెండ్లి లేని దినమున అది కొట్టములో పడియుండును. దానిని నీళ్ళ ట్యాంకు మోటారునకు కలుపు పద్ధతి, విద్యుత్ శాఖవారి యెదుట, ఎండకాలములోనే ఒకసారి సరిచూచుకొనవలెను. బ్యాటరీ రేడియో యొకటి గ్రంథాలయమున ఉండవలెను. సెల్ టవరు తన బ్యాటరీ అయిపోగానే మూగపోవును, రేడియో మూగపోదు.

అన్నిటికంటె కష్టమైన పుట మరియొకటి కలదు. రేకులు లేచిపోవు ఇంటివారు ఆ రాత్రి ఏ డాబాలో తలదాచుకొందురు? డాబా యజమాని ఒప్పుదల ముందుగానే సంతకముతో తీసికొనవలెను. ఎవరి గడప ఎవరికి తెరచుకొనును, ఎవరికి తెరచుకొనదు అను ప్రశ్న ఈ దేశమున నోరు తెరచి అడుగుట సులభము కాదు. అడుగకుండుటయే మర్యాద యని ఇంతకాలము గడచినది. గాలి లేచిన తరువాత, పసిబిడ్డ తడియుచుండగా, వాకిట నిలబడి అడుగుటకంటె, భాద్రపదమున ఎండ కాయుచుండగా గ్రంథాలయపు బల్లయొద్ద అడుగుట మేలు. ఒప్పుకొననివాని పేరు వ్రాయనవసరము లేదు. ఒప్పుకొన్నవారి పేళ్ళు చాలును. అవి తక్కువైనచో బడి తాళపుచెవి ఎవరి యొద్దనున్నదో వ్రాయవలెను.

తండాల పుటలు తండావారే వ్రాయవలెను. ఏ గుడిసె ఏ మెరకమీద నున్నదో, ఏ చప్టా ఎంత వానకు మునుగునో వారికి తెలిసినంత ఊరివారికి తెలియదు. చదివిన పడుచులు ప్రతి తండాలోను ఇపుడు కలరు. తుపానులు ఎక్కువగా ఆశ్వయుజ కార్తీకములలో పుట్టును. కావున ఏటేట వినాయకచవితి వెళ్ళిన ఆదివారమున పుస్తకము తెరచి, చనిపోయినవారి పేళ్ళు కొట్టివేసి, క్రొత్తవి చేర్చవలెను. నూరు పుటల గీతల పుస్తకము చాలును. అట్టిది యొకటి నేడు గ్రంథాలయపు బల్లమీద ఉంచబడినది. కలము దాని ప్రక్కనే కలదు.