ఇంటి ముంగిట విష్ణుక్రాంతము
(సమాజ సభ్యుల కుటుంబ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



సాహిత్య సంగీతములను గూర్చి పెద్దలు ప్రసంగించు ఈ వేదికపై ఒక చిన్న మొక్కను గూర్చి మాటలాడుటకు కార్యవర్గమువారు నాకు అవకాశ మొసంగిరి. వారికి నా కృతజ్ఞతలు. నేను వృక్షశాస్త్రము చదివినవాడను గాను, బి.ఏ. పట్టభద్రుడను. సచివాలయమున కాగితముల నడుమ కాలము గడుపువాడను. అయినను కొన్ని యేండ్లుగా ప్రభుత్వ గృహమున నాలుగు కుండీలను, ఒక చిన్న మడిని పెంచుచున్నందున కలిగిన అనుభవమును మీ ముందుంచుచున్నాను.

నేను చెప్పదలచిన మొక్క విష్ణుక్రాంతము. వినాయక చతుర్థినాడు మనము చేయు ఏకవింశతి పత్రిపూజలో పదునొకండవ పత్రి ఇదియే. పేరు అందరము ఎఱుగుదుము. మొక్కను గుర్తింపగలవారు కొలదిమంది. పండుగకు ముందు అంగడిలో ఒక పత్రికట్ట కొందుము. మంత్రమున నున్న ఆకు కట్టలో నున్నదో లేదో చూడము. ఢిల్లీలో పుట్టి పెరిగిన మన పిల్లలు అడిగినచో చూపుటకు మనకును తెలియదు.

పేరు విషయమున కొంత చిక్కు కలదు. అమరకోశమున విష్ణుక్రాంతా అను పదము గిరికర్ణీ, అపరాజితా అను పదములతో కలిసి యున్నది. ఆ పేర్లు తీగగా ప్రాకు శంఖపుష్పమునకు చెల్లును. తెలుగునాట విష్ణుక్రాంతమని సాధారణముగా పిలుచునది నేల నంటి పెరుగు వేఱొక చిన్న మొక్క. శాస్త్రజ్ఞులు దానిని ఇవాల్వులస్ ఆల్సినాయిడిస్ అందురు. ఇది తూటికూర, చిలగడదుంపల కుటుంబమునకు చెందినది. అయితే ఆ బంధువులలో అనేకములు చుట్టుకొని ప్రాకును. ఇది దేనిని చుట్టుకొనదు. ఇవాల్వులస్ అను పేరునకు మూలమైన లాటిను పదమునకు విప్పుట యని అర్థము.

మెట్ట పొలముల గట్లపైనను, రాతి నేలలలోను ఇది తనంతట తానే మొలచును. గట్టి వేరునుండి సన్నని కొమ్మలు నలుదిక్కులకు ప్రాకును. పువ్వు శనగగింజకంటె పెద్దది కాదు. రంగు మాత్రము నిర్మలమైన ఆకాశనీలము. ఆకులపై పట్టువంటి నూగు దట్టముగా నుండుటచే పచ్చదనము మఱుగుపడి బూడిద వన్నె కనిపించును. ఆ నూగు అలంకారము కొఱకు కాదు. అది ఎండను కొంత త్రిప్పికొట్టి, ఆకునుండి నీరు ఆవిరి యగుటను తగ్గించును. సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడు అనంతపురపు సీమలో సయితము ఇట్టి మొక్క బ్రతుకుటకు గల కారణములలో ఇది యొకటి.

నర్సరీలలో దీనికి సోదరివంటి మొక్క యొకటి దొరకును. బ్లూ డేజ్ అని అమ్ముదురు. దాని పుట్టినిల్లు బ్రెజిలు ప్రాంతము. ఆకు నీలి బూడిద రంగు. పువ్వు మన విష్ణుక్రాంతపు పూవుకంటె పెద్దది. మంచు తగులని చోట ఏడాది పొడుగునను ఆకు నిలుపుకొనును. ఎత్తు మూరెడు మించదు. రెండు మూడడుగుల మేర పఱచుకొనును. పూజకు మన మొక్కను, ముంగిటి అందమునకు ఈ సోదరిని పెంచుట మేలు.

ఇప్పుడు ముఖ్య విషయమునకు వచ్చుచున్నాను. 2024 మే, జూన్ నెలలలో ఈ నగరమున నీటి కొఱత సర్వోన్నత న్యాయస్థానము వఱకు పోయినది. బిందెలు పట్టుకొని ట్యాంకరు వెంట నిలిచిన జనులను మనమందరము చూచితిమి. అట్టి దినములలో సయితము కొన్ని ముంగిళ్ళలో పచ్చికపై రబ్బరు గొట్టము పాఱుచునే యుండెను. లెక్క చూడుడు: ఒక చదరపు మీటరు నేలపై ఒక మిల్లీమీటరు నీరు నిలిపినచో ఒక లీటరగును. ఇరువది చదరపు మీటర్ల పచ్చికకు వేసవిలో దినమునకు అయిదు మిల్లీమీటర్లు పెట్టినచో 100 లీటర్లు. అది ఒక చిన్న సంసారము స్నానపానములకు సరిపోవు నీరు. పిల్లలు ఆడుకొను చోట పచ్చిక యుండవలసినదే. విష్ణుక్రాంతము త్రొక్కుడునకు ఓర్వదు. కాని ఎవరును అడుగిడని అంచులకు, గోడ వారలకు పచ్చిక ఏల?

పెంచు విధానము సులభము. మన మొక్కకు గింజలు మేలు. వాని పొట్టు గట్టిది గనుక ఇసుకతో మెల్లగా రుద్ది, తొలకరిలో పైపైన చల్లవలెను. నర్సరీ మొక్కకు కొమ్మ చాలును. పువ్వు లేని చిగురుకొమ్మను నాలుగంగుళములు కత్తిరించి, క్రింది ఆకులు తీసి, ఇసుక కలిపిన మట్టిలో నీడన గ్రుచ్చినచో మూడు నాలుగు వారములలో వేరూనును. ఫిబ్రవరి, మార్చి నెలలు ఇందుకు అనుకూలము. తోటమట్టి, ఇసుక, ఆకుల ఎరువు సమభాగములుగా కలిపి, దినమునకు ఆరు గంటలైన ఎండ తగులు తావున అడుగున్నర ఎడముగా నాటవలెను.

మొదటి నెల క్రమముగా నీరు పోయవలెను. పిదప రెండంగుళముల లోతున మట్టి ఎండినప్పుడే పోయవలెను. ఈ మొక్క దాహముచేత చచ్చుటకంటె మన ఆదరము హెచ్చి వేరు కుళ్ళి చచ్చుటయే అధికము. జూలై మొదలు సెప్టెంబరు వఱకు మడిలో నీరు నిలువనీయరాదు. ఎరువు ఎక్కువైనచో ఆకులు పెరిగి పూవులు తగ్గును. జనవరి చలిలో కుండీని దక్షిణపు గోడ చెంతకు జరిపి, చలి తగ్గిన పిమ్మట మూడవ వంతు కత్తిరించినచో క్రొత్త చిగుళ్ళు వచ్చును.

దీనియందు మన ఉద్యోగులకు ఒక్క లోపము తోచవచ్చును. పూవులు ఉదయమున విచ్చి మధ్యాహ్నమునకు ముడుచుకొనును. కార్యాలయము విడిచి వచ్చు వేళకు దర్శనము దొరకదు. ఆదివారమునకై వేచియుండుట మనకు అలవాటే గదా!

ఒక హెచ్చరిక. ఉత్తరదేశమున శంఖపుష్పి యను పేర ఒకటికంటె ఎక్కువ మొక్కలను అమ్ముదురు. పేరు నమ్మి, ముఖ్యముగా నర్సరీ మొక్కను, ఇంటిలో కషాయము కాచుకొనరాదు. ఔషధ విషయమున వైద్యుని మాటయే ప్రమాణము.

మనది బదిలీల బ్రతుకు. నాటిన మామిడి కాపు చూచువఱకు ఒక గృహమున నిలుచు భాగ్యము మనలో ఎందఱికి? విష్ణుక్రాంతపు కొమ్మ నాటిన యేడాదిలోనే పూచును. పోవునాడు నాలుగు కొమ్మలు వెంట గొనిపోవచ్చును. మొక్కను తరువాత వచ్చువారికి విడువవచ్చును. వారు నీటికై శ్రమపడ నక్కఱలేదు.

కావున నాదొక విన్నపము. మొక్క యున్నవారు రాబోవు చతుర్థికి ముందు సమాజమునకు కొన్ని నారుకుండీలు తెచ్చి లేనివారి కీయుడు. మన పిల్లలు ఆ యేడు పదునొకండవ పత్రిని అంగడి కట్టనుండి కాక తమ ముంగిటనుండి, మొక్కను పెఱుకక, రెండాకులు మాత్రము కోసి తేగలరు.