అచ్చుకు ముందు సిరా
(చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో చేసిన స్మారకోపన్యాసం)



మనం తలచుకుంటున్న మాస్టారు నారాయణగూడ సందులో నలభై ఏళ్లు సీసపు అక్షరాలు పేర్చిన కంపోజిటర్. ప్రూఫులు దిద్దడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. “మిషనుదేముందిరా, సిరా కుదరాలి” అనేవారు. ఆయన పోయిన రోజున ఇంట్లోవాళ్లు కళ్లు దానమిచ్చారు. అందుకే ఇవాళ, ఆయన అచ్చునూ ఆ నేత్రదానాన్నీ కలిపే విద్య, అంటే ప్రాణమున్న కణాలతో అచ్చువేయడం, ఎలా వచ్చిందో చెబుతాను.

అమెరికాలో చార్లెస్ హల్, అతినీలలోహిత కాంతి తగిలితే గట్టిపడే ద్రవాన్ని పొర మీద పొరగా పేర్చి వస్తువులు చేసే పద్ధతికి 1986లో పేటెంటు పొందాడు. 1988లో రాబర్ట్ క్లెబె మామూలు ఇంక్‌జెట్ ప్రింటరులో సిరాకు బదులు కణాలను పట్టి ఉంచే ప్రొటీను పోశాడు. అది పడిన గీత వెంటే కణాలు అతుక్కున్నాయి. 2003లో థామస్ బోలండ్ బృందం కణాలనే ప్రింటరుతో చిమ్మించింది.

చిమ్మిన కణాలను నిలబెట్టడం దగ్గరే చిక్కంతా. మన ఇళ్లలో మురుకులు వత్తే అమ్మలకిది తెలుసు. పిండి జారుగా ఉంటే మురుకు ఆకారం నిలవదు, బిరుసుగా ఉంటే గొట్టంలోంచి దిగదు. కణాల సిరానైతే బలవంతంగా నొక్కితే లోపలి కణాలు చస్తాయి. 2015లో ఆడమ్ ఫైన్‌బర్గ్ బృందం ఒక ఉపాయం చూపింది. జెలటిన్ ముద్దలోకి సూది దించి, ఆ ముద్దే ఆసరాగా మెత్తని ఆకారం గీశారు. ఒంటి వేడికి జెలటిన్ కరిగిపోయింది, ఆకారం మిగిలింది.

మన హైదరాబాదులో ఈ కథ కంటి దగ్గర మొదలైంది. 1987లో గుళ్లపల్లి నాగేశ్వరరావుగారు ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ స్థాపించారు. 1989లో అక్కడ రామాయమ్మ నేత్రనిధి వచ్చింది. దానంగా వచ్చిన కంటిలో ముఖ్యంగా పనికొచ్చేది కార్నియా, అంటే నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొర. దాని మందం సుమారు అర మిల్లీమీటరు. రక్తనాళాలు ఉండవు. కొల్లాజెన్ పోగులు వరస తప్పకుండా అమరి ఉంటేనే వెలుతురు దూరుతుంది. పేర్పు చెదిరితే చూపు మసకే. కంపోజిటర్లకు ఇది వేరే చెప్పాలా?

2022 ఆగస్టులో ఎల్.వి. ప్రసాద్ సంస్థ, కందిలోని ఐఐటీ హైదరాబాద్, కణజీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ కలిసి త్రీడీలో అచ్చువేసిన కార్నియాను కుందేలు కంటికి అమర్చామని ప్రకటించాయి. పోటీ పరీక్షలకు సిద్ధమయ్యే పిల్లలు దాన్ని ఒక బిట్టుగా చదివే ఉంటారు. ఆ బిట్టులో పట్టనిది సిరా సంగతి. ఈ సంస్థల పరిశోధకులు సయన్ బసు, వివేక్ సింగ్, ఫల్గుణి పతి, కిరణ్ కుమార్ బొకర మనిషి కార్నియాలోంచి కణాలన్నీ తొలగించి, మిగిలిన పదార్థంతో జిగురులాంటి సిరా చేశారు. అందులో మనిషి కంటి మూలకణాలు కలిపారు. దానమొచ్చిన ఒక్క కార్నియాతో మూడు అచ్చు కార్నియాలు తయారు చేయవచ్చని వాళ్లు చెప్పారు.

మాస్టారి లెక్కలో కుందేలు కన్ను గ్యాలీ ప్రూఫు, అంటే తప్పులు దిద్దడానికి తీసే తొలి అచ్చు. రోగుల మీద పరీక్షలు ముగిసి, తప్పులన్నీ దిద్దాకే ఫారం మిషనెక్కాలి. తొందరపడి ఎక్కిస్తే ఆయన ఊరుకునేవారు కాదు.

అచ్చు ఎంత ముందుకు వెళ్లినా ఈ సిరా ఏ దుకాణంలోనూ దొరకదు. ఎవరో ఒకరు పోతూ ఇచ్చిపోవాలి. చనిపోయిన వెంటనే నేత్రనిధికి కబురు అందాలి, ఇంట్లోవాళ్లు ఒప్పుకోవాలి, ఆరు గంటల్లోపు కళ్లు సేకరించాలి.

గేటు దగ్గర బల్ల మీద నేత్రదాన పత్రాలు పెట్టాం. అవి ఈ వీధి ప్రెస్సులోనే అచ్చయ్యాయి. ప్రూఫు నేనే చూశాను. పేరు రాసే గీత మాత్రం మీకోసం ఖాళీగా వదిలాం.