తాళంచెవి ఎవరి దగ్గరుంది?

(మహిళా కార్యకర్తల కంప్యూటర్ శిక్షణ తరగతుల ప్రారంభంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ నాలుగు రోజుల తరగతులకు పిలిచినప్పుడు మీలో చాలామంది ఒకే ప్రశ్న అడిగారు. "కేసులు, పంచాయితీలు, కోర్టు వాయిదాలతోనే ఊపిరి సలపడం లేదు. వెబ్‌సైట్లు తయారుచేయడం మనకెందుకు? తెలిసినవాళ్ళకు డబ్బిచ్చి చేయించుకోవచ్చు కదా?" అని. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. నా అభిప్రాయం ఎందుకు మారిందో ముందు చెబుతాను.

కొన్నేళ్ళ క్రితం మా సంస్థ వెబ్‌సైటును బయటివ్యక్తి ఒకరు తయారుచేశారు. చూడ్డానికి బాగుంది. భర్త హింస భరించలేక ఇల్లు విడిచివచ్చిన ఒకామె మా సమావేశంలో కూర్చున్న ఫోటో మొదటి పేజీలో వచ్చింది. ఫోటోలన్నీ మేమే ఇచ్చాం. ఏది పెట్టకూడదో చెప్పలేదు. ఆమెను అడగాలని కూడా మాకు తోచలేదు. ఫోటోలో ఆమె వెనక మా ఆఫీసు బోర్డు స్పష్టంగా కనిపిస్తోంది. వారం తిరక్కుండానే భర్త తరఫువాళ్ళు మా గుమ్మంలో నిలబడ్డారు. ఆ రాత్రే ఆమెను వేరేచోటికి పంపాం. కానీ ఫోటో తీసేద్దామంటే పాస్‌వర్డ్ మాలో ఎవరి దగ్గరా లేదు. ఆయన ఊళ్ళో లేరు, ఫోనుకు దొరకలేదు. నాలుగు రోజులు ఆ ఫోటో అక్కడే ఉంది. నేను ఆయన్ని తప్పుపట్టను. ఇంటి తాళంచెవి ఇంకొకరి జేబులో వేసి నిశ్చింతగా కూర్చున్నది మేమే.

ఆ తర్వాతే నేర్చుకోవడం మొదలుపెట్టాను. ఏది నొక్కితే ఏం పాడవుతుందోనని చెయ్యి వణికేది. కుట్టుమిషను బెల్టు తెగితే మనమే వేసుకుంటాం, దారం చిక్కుపడితే మనమే విప్పుకుంటాం. దాన్ని ఎవరూ సాంకేతిక పరిజ్ఞానం అనరు గనక భయపడం. ఈ భయం మనకు పుట్టుకతో రాలేదు. "నీకు తెలీదు, ముట్టుకోకు" అని చెప్పిచెప్పి అలవాటు చేసింది.

నిజానికి వెబ్ పేజీ మామూలు అక్షరాలతో రాసిన కాగితం లాంటిది. ఇది శీర్షిక, ఇది పేరా, ఇక్కడ బొమ్మ అని చెప్పే గుర్తులే హెచ్.టి.ఎం.ఎల్. మన పత్రికకు ప్రూఫులు దిద్దినవాళ్ళకు ఇది కొత్త విద్య కాదు. నోట్‌ప్యాడ్ ఉంటే చాలు. 1989లో టిమ్ బెర్నర్స్-లీ ఈ వెబ్‌ను ప్రతిపాదించారు. ఆయన పనిచేసిన సెర్న్ పరిశోధనా సంస్థ 1993 ఏప్రిల్‌లో దీన్ని అందరి సొత్తుగా ప్రకటించింది. పేజీ రాయడానికి మనం ఎవరికీ రుసుము కట్టనక్కరలేదు.

అందుకే హంగులతో మొదలుపెట్టవద్దంటాను. ఒకప్పుడు మల్టీమీడియా కోర్సు అంటే ఫ్లాష్ నేర్పేవారు. 2020 డిసెంబరు 31తో కంపెనీ దానికి మద్దతు ఆపేసింది. ఆనాడు సాదా హెచ్.టి.ఎం.ఎల్.లో రాసిన పేజీలు మాత్రం ఇవాళ్టికీ తెరుచుకుంటున్నాయి. మన భాష సంగతీ అంతే. ప్రత్యేక ఫాంట్లతో పెట్టిన పాత తెలుగు పేజీలు, ఆ ఫాంటు లేని కంప్యూటర్లో అర్థంకాని గుర్తుల్లా కనబడేవి. కాబట్టి మొదటిరోజే యూనికోడ్‌లో తెలుగు టైపు చేయడం నేర్చుకుందాం.

ఇంగ్లీషు రాదనీ, చదువు చాలదనీ సంకోచించేవాళ్ళు జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్‌ను గుర్తుచేసుకోండి. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత స్త్రీలు, అక్షరాలు రానివాళ్ళు సైతం, వీడియో కెమెరా పట్టి తమ చిత్రాలు తామే తీశారు. 2008లో సంఘం రేడియో మొదలుపెట్టారు. ఎదుటి మనిషి కంటికి సమానమైన ఎత్తులో తీసే షాట్‌కు వాళ్ళు 'సంఘం షాట్' అని పేరు పెట్టుకున్నారు. సంఘంలో అందరూ సమానమే గనక! పనితనంతోపాటు దాన్ని వాడే నీతి కూడా ఆ పేరులో ఉంది.

మనం ఫోటో, శబ్దం నేర్చుకునేటప్పుడూ అదే దృష్టి ఉండాలి. ఫోనులో లొకేషన్ ఆన్‌లో ఉంటే తీసిన చోటు ఫోటో ఫైలులోనే నమోదవుతుంది. పంపేముందు దాన్ని తీసేయాలి. గింప్ అనే ఉచిత సాఫ్ట్‌వేరుతో ఫోటో కత్తిరించడం, ముఖాన్ని పూర్తిగా నల్లగా కప్పడం నేర్చుకుందాం. పైపైన మసక చేస్తే చాలదు. ఆడాసిటీతో గొంతు మార్చడం కూడా చూద్దాం. అత్యాచార బాధితురాలి గుర్తింపు బయటపెట్టడం నేరమని 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షను చెబుతోంది. ఇదివరకు ఐ.పి.సి. 228-ఎ కూడా ఆ మాటే చెప్పింది. చట్టం పేర్కొనని కేసుల్లోనూ ఆ స్త్రీని అడగకుండా ఏదీ పెట్టకూడదు. ఒప్పుకున్న మనిషి రేపు వద్దంటే వెంటనే తీసేయగలగాలి. అది మన చేతిలో ఉండాలంటే ఈ పని మనకు వచ్చి ఉండాలి.

చివరిగా ఒక చిన్న పని అప్పగిస్తున్నాను. ఈ రాత్రికి మీ సంస్థకు ఫోను చేసి రెండు విషయాలు కనుక్కోండి. మీ వెబ్‌సైటు పేరు ఎవరి పేరున రిజిస్టరైంది? దాని పాస్‌వర్డ్ మీలో కనీసం ఇద్దరికి తెలుసా? జవాబులు రేపు పొద్దున్నే బోర్డు మీద రాద్దాం. మన మొదటి పాఠం అక్కణ్ణుంచే మొదలుపెడదాం.