విమానం మరమ్మతూ మనదే, జీవశాస్త్రమూ మనదే

(సంఘం వార్షికోత్సవ సభలో ఒక గిరిజన వసతి గృహం వార్డెన్ చేసిన ప్రసంగ పాఠం)

 ముందు వరుసల్లో కూర్చున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ మాటలు మీ కోసమే.

మేము హాస్టల్ వార్డెన్లం. పదో తరగతి ఫలితాలు రాగానే పిల్లలు మా చుట్టూ చేరి ఒకటే అడుగుతారు. "మేడం, ఏ గ్రూపు తీసుకోవాలి?" ఏళ్ల తరబడి మేము ఆలోచించకుండానే జవాబు చెప్పాం. ఆడపిల్లయితే బైపీసీ, తర్వాత నర్సింగ్. మగపిల్లాడయితే ఐటీఐ, లేకుంటే డీఎడ్. త్వరగా ఉద్యోగం వస్తుందనే మా ఆశ. అందులో చెడు ఉద్దేశం లేదు. కానీ పొరపాటు ఉంది.

ఒకసారి ఒక అమ్మాయి అడిగింది. "మన కొండ మీదుగా విమానం పోతుంది కదా మేడం, అది పాడైతే బాగుచేసేవాళ్లు ఎక్కడ చదువుతారు?" మేము నవ్వేశాం. ఆమెకూ బైపీసీయే రాయించాం. రెండేళ్ల తర్వాత ఆమే కనుక్కొని వచ్చింది. మన దేశంలో విమాన నిర్వహణ ఇంజినీరు శిక్షణలో చేరాలంటే ఇంటర్‌లో గణితం, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం ఉండాలి. ఆమెకు గణితం లేదు. ఆ రోజు మా దగ్గర జవాబూ లేదు.

అమెరికాలో కమ్యూనిటీ కాలేజీలని ఉంటాయి. రెండేళ్ల చదువు. మార్కులు తక్కువని గేటు దగ్గర ఆపరు. కొన్నిచోట్ల ఒకే కాలేజీలో ఒక గదిలో విమానం ఇంజిన్ విప్పి బిగించడం నేర్పుతారు, పక్క గదిలో మైక్రోస్కోపు కింద కణాన్ని చూపిస్తారు. మెకానిక్ కావాలనుకున్నవాడు జీవశాస్త్రం క్లాసులో కూర్చోవచ్చు. నచ్చితే దారి మార్చుకోవచ్చు. పదహారేళ్లకే తలుపు మూసెయ్యరు.

అక్కడి ఆదివాసులు ఇంకో అడుగు వేశారు. నవాహో జాతి 1968లో తన సొంత కాలేజీ పెట్టుకుంది. అప్పట్లో దాని పేరు నవాహో కమ్యూనిటీ కాలేజ్, ఇప్పుడు డినే కాలేజ్. ఒక ఆదివాసీ జాతి తానే నడుపుకునేలా ఆ దేశంలో వచ్చిన మొదటి కాలేజీ అదే. తమ భాష, తమ చరిత్రతో పాటు సైన్సూ అక్కడ చెప్పుకుంటారు. ఒకటి కావాలంటే ఇంకొకటి వదులుకోవాలని వాళ్లు అనుకోలేదు. మనమెందుకు అనుకోవాలి?

విమానం మరమ్మతు అంటే స్పానర్ పట్టుకోవడం ఒక్కటే కాదు. ప్రతి బోల్టుకూ ఒక నంబరుంటుంది, ఎంత బిగువు ఉండాలో పుస్తకంలో రాసి ఉంటుంది. చేసిన ప్రతి పనినీ రాసి సంతకం పెట్టాలి. 1990 జూన్‌లో బ్రిటన్‌లో ఒక విమానం గాలిలో ఉండగా పైలట్ ముందరి అద్దం ఊడిపోయింది. కెప్టెన్ సగం బయటికి వెళ్లిపోయాడు. సిబ్బంది కాళ్లు పట్టుకుని ఆపబట్టి బతికాడు. అద్దాన్ని అంతకుముందు రోజు తెల్లవారుజామున మార్చారు. 90 బోల్టుల్లో 84 ఉండాల్సిన దానికంటే ఒక మిల్లీమీటరు కూడా తేడా లేనంత సన్నవి. అర్ధరాత్రి దాటాక, కంటి అంచనాతో తీసి బిగించారు.

తెల్లవారుజామున మన కన్ను, మెదడు ఎందుకు మోసపోతాయి? అది జీవశాస్త్రం. అందుకే విమాన మెకానిక్కుల చదువులో మనిషి అలసట, నిద్ర, చూపు గురించి ఒక పాఠమే ఉంటుంది. యంత్రం తెలిస్తే చాలదు, యంత్రాన్ని ముట్టుకునే మనిషీ తెలియాలి.

జీవశాస్త్రం మన ఇళ్లకు ఇంకా దగ్గర. సికిల్ సెల్ పేరు మీరంతా విన్నారు. రక్తంలోని హిమోగ్లోబిన్‌లో ఒకే ఒక్క అమైనో ఆమ్లం మారితే ఎర్ర కణం కొడవలిలా వంగుతుంది. తల్లీ తండ్రీ ఇద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు, వాహకం అయ్యే అవకాశం నాలుగింట రెండు వంతులు. మొదటి బిడ్డకు వచ్చింది కాబట్టి రెండో బిడ్డకు రాదనుకోవడం తప్పు. ఇది శాపమూ కాదు, కోడలి దోషమూ కాదు. మలేరియా ఉన్న ప్రాంతాల్లో వాహకులకు ఆ జ్వరం తీవ్రత నుంచి కొంత రక్షణ దొరికింది కాబట్టే ఈ లక్షణం తరాలుగా నిలిచింది. 2023 జూలైలో కేంద్రం దీని నిర్మూలనకు జాతీయ మిషన్ మొదలుపెట్టింది. పరీక్ష చేసి కార్డు ఇస్తారు. ఆ కార్డు చదవగలిగేవాళ్లు ప్రతి గూడెంలో ఒకరైనా ఉండాలి. ఎంపీసీ చదివినవాళ్లకూ ఈ పాఠం కావాలి.

ఇంకో మాట, కొంచెం చేదు. మా హాస్టల్లో చదివిన ఒక అబ్బాయి విమానాల కోర్సని ఒక సంస్థలో చేరాడు. నాన్న ఎడ్లు అమ్మి ఫీజు కట్టాడు. తర్వాత తెలిసింది, ఆ సంస్థకు అనుమతే లేదని. బ్రోచరు మాకూ చూపించాడు. రంగు బొమ్మలు చూసి మేమూ బాగుందన్నాం. తప్పు వాడొక్కడిదే కాదు, మాదీ.

అందుకని ఇవి గుర్తుపెట్టుకోండి. విమాన నిర్వహణ శిక్షణ సంస్థలకు అనుమతి ఇచ్చేది డీజీసీఏ. ఆ సంస్థల జాబితా దాని వెబ్‌సైటులో ఉంటుంది. పేరు అందులో లేకపోతే ఒక్క రూపాయి కట్టొద్దు. కోర్సు పూర్తయినంత మాత్రాన లైసెన్సు రాదు. డీజీసీఏ పరీక్షలు పాసవ్వాలి, పని అనుభవం చూపాలి. బీ1 అంటే విమానం శరీరం, ఇంజిన్ల వైపు. బీ2 అంటే ఎలక్ట్రానిక్ పరికరాల వైపు. పుస్తకాలన్నీ ఇంగ్లిషులోనే ఉంటాయి, కాబట్టి రోజుకో పేజీ ఇప్పటి నుంచే చదవండి. బైపీసీ చదివి గణితం కావాలనుకున్నవాళ్లు ఓపెన్ స్కూల్లో ఆ ఒక్క సబ్జెక్టు రాసే వీలుందేమో, చేరబోయే సంస్థ దాన్ని ఒప్పుకుంటుందేమో ముందే అడగండి.

మేము మా హాస్టల్ నోటీసు బోర్డు మీద ఇప్పుడు గ్రూపుల పేర్లు రాయడం లేదు. ఏ గ్రూపు తీసుకుంటే ఏ తలుపు తెరుచుకుంటుందో, ఏది మూసుకుంటుందో రాస్తున్నాం. మీ ఊళ్లో తొమ్మిది, పది చదివే పిల్లలకు మీరూ చెప్పండి. ఈసారి ఎవరైనా పిల్ల విమానం గురించి అడిగితే మేము నవ్వం. కుర్చీ వేసి కూర్చోబెట్టి, జాబితా తీసి చూపిస్తాం.