ఉన్నట్టుండి ఒక చెవి వినిపించకపోతే

 

రాత్రి బాగానే పడుకుంటాం. తెల్లారి లేస్తే ఒక చెవి వినిపించదు. దిబ్బడ వేసినట్టు ఉంటుంది. లోపల గుయ్యిమని హోరు. కొందరికి కళ్లు కూడా తిరుగుతాయి. ఫోను ఆ చెవికి పెట్టుకుంటే అవతలి మాట అందదు.

అప్పుడు మనం ఏం చేస్తాం? గులిమి అడ్డం పడింది అనుకుంటాం. జలుబు చేసింది అనుకుంటాం. నూనె కాచి పోస్తాం. పసరు పిండుతాం. "రెండో చెవి వినిపిస్తోంది కదా, చూద్దాంలే" అని పనికి పోతాం. వారం గడుస్తుంది. నెల గడుస్తుంది.

ఇక్కడే నష్టపోతాం. ఎందుకో చెబుతాను, వినండి.

చెవి రంధ్రం చివర పల్చని పొర ఉంది. దాన్ని కర్ణభేరి అంటారు. మనం పోసిన నూనె అక్కడే ఆగిపోతుంది. ఇంకా లోపల నత్తగుల్ల ఆకారంలో ఒక చిన్న భాగం ఉంది. శబ్దాన్ని పట్టుకొని నరం ద్వారా మెదడుకు పంపేది అదే. ఈ జబ్బులో దెబ్బ తగిలేది ఆ భాగానికి, లేదా ఆ నరానికి. అక్కడికి నూనె చేరదు.

గులిమి అయితే డాక్టరు తీసేస్తారు. గులిమో, నరమో ఇంట్లో తేలదు. డాక్టరు చెవిలోకి లైటు వేసి చూస్తారు. వినికిడి పరీక్ష చేయిస్తారు. అవసరమైతే స్కానింగు కూడా చేయిస్తారు.

లోపలి దెబ్బ అని తేలితే స్టెరాయిడ్ మందు ఇస్తారు. అది వాపును తగ్గించే మందు. మాత్రలైతే మామూలుగా 10 నుంచి 14 రోజులు ఇస్తారు. తరువాత కొంచెం కొంచెంగా తగ్గిస్తారు. మాత్రలతో గుణం కనిపించకపోతే, కర్ణభేరికి మత్తు పెట్టి, సన్నని సూదితో మందును చెవి లోపలికే ఎక్కిస్తారు.

ఈ మందు మొదటి 14 రోజుల లోపల మొదలుపెట్టాలి. ఎంత ముందైతే అంత మేలు. 6 వారాలు దాటితే ఆశ చాలా తక్కువ.

"అందరికీ నయమవుతుందా?" అని మీరు అడగవచ్చు. కాదు. కొందరికి పూర్తిగా వస్తుంది. కొందరికి సగమే వస్తుంది. కొందరికి రాదు. మందు లేకుండా బాగయ్యేవాళ్లూ ఉన్నారు. కాని ఎవరికి వస్తుందో ముందుగా తెలియదు. అందుకే ఆగకూడదు.

జాగ్రత్తలు కూడా ఉన్నాయి. స్టెరాయిడ్ వల్ల షుగరు, బీపీ పెరగవచ్చు. కడుపులో మంట రావచ్చు. నిద్ర పట్టకపోవచ్చు. మీకు షుగరు, బీపీ, కడుపులో పుండు ఉన్నా, గర్భవతి అయినా డాక్టరుకు ముందే చెప్పండి. షుగరు ఉన్నవాళ్లకు మాత్రలకు బదులు చెవిలో సూదే ఇవ్వవచ్చు. మందుల షాపులో అడిగి మీ అంతట మీరు వాడవద్దు. మొదలుపెట్టాక మధ్యలో మానవద్దు.

చెవితోపాటు మూతి వంకర పోయినా, మాట తడబడినా, చెయ్యి కాలు పట్టు తప్పినా అది పక్షవాతం కావచ్చు. వెంటనే 108కి ఫోను చేయండి.

ఎక్కడికి వెళ్లాలి? చెవి, ముక్కు, గొంతు డాక్టరు ఉన్న ఆస్పత్రికి. ఏ ఆస్పత్రిలో ఉన్నారో ఆశా కార్యకర్తను అడగండి.

పిల్లలకు జబ్బు చేస్తే పరుగెత్తుతాం. మనకు వస్తే "చూద్దాంలే" అంటాం. ఈ జబ్బుకు ఆ మాట పనికిరాదు. ఒక రోజు కూలి పోతే రేపు సంపాదించుకుంటాం. పోయిన వినికిడిని అలా తెచ్చుకోలేం.

ఈ సంగతి మీ పక్కింటి వాళ్లకు కూడా చెప్పండి. సెలవు.