‘జెంటూ’ అను మాట



ఒకప్పుడు ఆంగ్లేయులు మనలను పిలిచిన పేరు ‘జెంటూ’. నేడా మాట వాడుకలో లేదు.

లాటిను భాషలో ‘జెన్స్’ అనగా వంశము. అందుండి ‘జెంటిలిస్’ పుట్టినది. ఒక వంశమునకు చెందినవాడని దాని తొలి యర్థము. క్రైస్తవుల వ్రాతలలో అదియే అన్యమతస్థుడను అర్థమును పొందెను. పోర్చుగీసువారు ‘జెంతియు’ అని హిందువులను పిలిచిరి. ఆంగ్లేయుల నోట అది ‘జెంటూ’ అయినది.

ఈ నగరమున వారన్ హేస్టింగ్స్ 11 మంది పండితులచే ధర్మశాస్త్ర సంగ్రహమొకటి కూర్పించెను. దాని పారసీకానువాదమును హాల్‌హెడ్ ఆంగ్లీకరింపగా, 1776లో లండనున ‘జెంటూ’ శాసనముల సంహితగా వెలువడెను. అందు జెంటూలనగా హిందువులు. మద్రాసులోనన్ననో ఆ మాట తెలుగువారికిని, తెలుగుభాషకును రూఢియైనది. 1816లో క్యాంబెల్ తన వ్యాకరణమునకు ‘తెలుగు’ అనియే పేరిడి, సామాన్యముగా దీనిని జెంటూ అందురని ముఖపత్రముననే చేర్చెను. క్రమముగా జెంటూ మరుగుపడి, తెలుగు నిలిచినది.

కావున పాత పత్రములలో జెంటూ కనబడినచో, వ్రాసినది కలకత్తాలోనా, మద్రాసులోనా అని ముందు విచారింపవలెను. లేనిచో వంగదేశీయులను గూర్చిన మాటను మనకు అన్వయించుకొందుము.

పరులు పెట్టిన పేరు పరులు మానగనే పోయినది. మన పేరు మనము మానిననే పోవును. ఇచ్చట పుట్టి పెరుగు మన పిల్లలకు తెలుగువారమను పేరుతోపాటు తెలుగును గూడ అందింతము.